డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక స్క్రీన్ మీద గీతలా? ప్యానెల్ మార్చే ముందు ఇలా చూసుకోండి

పోయిన జూన్‌లో ఒక రాత్రి పదింటికి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉండి కోర్సు నేర్చుకుంటున్నాడు. "అన్నా, లాప్‌టాప్ స్క్రీన్ పోయిందంట. ప్యానెల్ మార్చాలి, ఏడున్నర వేలు అవుతుందన్నారు. పొద్దున ఇచ్చేయమంటావా?" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. కోర్సు ఫీజు కట్టి నెల కూడా కాలేదు, ఇంట్లో మళ్లీ డబ్బులు అడగలేడు. రెండు రోజులుగా స్క్రీన్ రెపరెపలాడుతోందట, కింది భాగంలో అడ్డగీతలు వచ్చి పోతున్నాయట. అంతకుముందు ఏమైనా మార్చావా అని అడిగితే, "ఏం లేదన్నా. షట్‌డౌన్ చేసేటప్పుడు అప్‌డేట్ అడిగింది, చేశాను. అంతే" అన్నాడు.

నాకు అనుమానమంతా ఆ అప్‌డేట్ మీదే వచ్చింది. విండోస్ అప్‌డేట్‌తో పాటు స్క్రీన్‌కు సంబంధించిన డ్రైవర్లు కూడా వస్తుంటాయి. లాప్‌టాప్ ఇవ్వొద్దని చెప్పి మర్నాడు కూకట్‌పల్లిలో మా ఇంటికి రమ్మన్నాను. గంటలోపే స్క్రీన్ మామూలుగా అయింది, రూపాయి ఖర్చు కాలేదు. ఆ గంటలో ఏ వరుసలో ఏం చూశామో, అలా కుదరని వాళ్లు ఇంకేం చేయవచ్చో ఇక్కడ రాస్తున్నాను. పేర్లన్నీ విండోస్ 11లో ఉన్నట్టు చెబుతాను. విండోస్ 10లో మెనూలు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి గానీ పని అదే.

మీది మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో కంపెనీ ఇచ్చిన లాప్‌టాప్ అయితే మాత్రం వీటిలో పరీక్షల వరకే చేయండి. డ్రైవర్ మార్చే పని మీ ఐటీ హెల్ప్‌డెస్క్‌కు వదిలేయండి. చాలా కంపెనీ మెషీన్లలో మీకు ఆ పర్మిషన్ ఉండదు, ఉన్నా అది వాళ్లకు చెప్పి చేయాల్సిన పని.

డ్రైవర్ మారితే స్క్రీన్ ఎందుకు పాడవుతుంది

విండోస్‌కూ, స్క్రీన్ మీద బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ చిప్‌కూ మధ్య దుబాసీ లాంటిది డ్రైవర్. ఏ చుక్క ఏ రంగులో వెలగాలి, సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారాలి, కరెంటు ఆదా కోసం స్క్రీన్‌ను ఎప్పుడు నిదానించాలి, ఇవన్నీ దాని ద్వారానే చిప్‌కు చేరతాయి. ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా కంపెనీలు ఒక డ్రైవర్‌ను వందల రకాల లాప్‌టాప్‌ల కోసం తయారుచేస్తాయి. మీ మోడల్‌లో ఉన్న ప్యానెల్‌తో అది పొసగకపోతే రెపరెపలు, గీతలు, రంగులు తేలిపోవడం, మధ్యలో నల్లబడి తిరిగి రావడం మొదలవుతాయి.

ఇది మీరు చేసిన తప్పేమీ కాదు. ఎన్విడియా 2010 మార్చిలో 196.75 అనే డ్రైవర్‌ను విడుదల చేసి, దానితో గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ సరైన వేగంతో నడవడం లేదని తేలాక వెనక్కి తీసుకుంది. 2025 మొదట్లో అదే కంపెనీ ఆర్‌టీఎక్స్ 50 గ్రాఫిక్స్ కార్డులు వచ్చినప్పుడు బ్లాక్ స్క్రీన్ సమస్య తలెత్తితే, దాన్ని సరిచేయడానికి వరుసగా కొత్త డ్రైవర్లు ఇవ్వాల్సి వచ్చింది. అంత పెద్ద కంపెనీలకే జరుగుతోంది.

స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి తిరిగి వస్తుంటే దాని వెనక ఒక ఏర్పాటు ఉంది. గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్లపాటు జవాబివ్వకపోతే విండోస్ దాన్ని తనంతట తానే రీసెట్ చేస్తుంది. విండోస్ విస్టా కాలం నుంచీ ఇది ఉంది. అంతకుముందైతే ఇలాంటప్పుడు కంప్యూటర్ మొత్తం బిగుసుకుపోయేది.

ముందు తేల్చుకోవాల్సింది: తప్పు డ్రైవర్‌దా, స్క్రీన్‌దా

ఈ భాగాన్ని దయచేసి తొందరపడి దాటేయకండి. డబ్బు పోయేదీ మిగిలేదీ ఇక్కడే.

మా తమ్ముడి లాప్‌టాప్‌ను షాపులో బయటి మానిటర్‌కు కలిపి చూశారు. మానిటర్ మీద బొమ్మ శుభ్రంగా ఉంది, లాప్‌టాప్ మీద గీతలున్నాయి. కాబట్టి ప్యానెల్ పోయిందన్నారు. ఆ పరీక్ష తప్పు కాదు, కానీ అది సగం పరీక్షే. లాప్‌టాప్ సొంత స్క్రీన్ విషయంలో డ్రైవర్ కొన్ని ప్రత్యేకమైన పనులు చేస్తుంది. ఉదాహరణకు బొమ్మ కదలనప్పుడు కరెంటు ఆదా కోసం ప్యానెల్ తన దగ్గరున్న బొమ్మనే చూపిస్తూ ఉండేలా చేస్తుంది. దీన్ని 'ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్' అంటారు. కొత్త డ్రైవర్‌లో ఇది సరిగా కుదరకపోతే లాప్‌టాప్ స్క్రీన్ ఒక్కటే రెపరెపలాడుతుంది, టీవీ గానీ మానిటర్ గానీ హాయిగా పనిచేస్తాయి. చూసేవాళ్లకు అచ్చం ప్యానెల్ పోయినట్టే ఉంటుంది.

మిగతా సగం పరీక్ష బయోస్‌లో ఉంది. బయోస్ అంటే విండోస్ కంటే ముందే నడిచే, కంప్యూటర్‌లోనే ఉండే చిన్న సెట్టింగ్స్ ప్రోగ్రామ్. కంప్యూటర్ ఆన్ చేసి, విండోస్ రాకముందే బయోస్‌లోకి వెళ్లండి. డెల్, ఏసర్, ఆసుస్‌లలో ఎక్కువగా ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10, కొన్ని లెనోవోల్లో ఎఫ్1 నొక్కాలి. కుదరకపోతే విండోస్‌లోనే సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, 'అడ్వాన్స్‌డ్ స్టార్టప్' దగ్గర 'రీస్టార్ట్ నౌ' నొక్కి, ట్రబుల్‌షూట్, 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో 'యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్' ఎంచుకోండి. లోపల ఏమీ మార్చకుండా స్క్రీన్‌ను పది నిమిషాలు అలాగే వదిలేయండి. అక్కడ విండోస్ లేదు, విండోస్ డ్రైవరూ లేదు. గీతలు అక్కడ కూడా కనిపిస్తే సమస్య ప్యానెల్‌లోనో, కేబుల్‌లోనో, చిప్‌లోనో ఉన్నట్టు. అక్కడ శుభ్రంగా ఉండి విండోస్ రాగానే గీతలు మొదలైతే మొదటి అనుమానం డ్రైవర్ మీదే పెట్టుకోవాలి. మా తమ్ముడి స్క్రీన్ బయోస్‌లో పది నిమిషాలూ అద్దంలా ఉంది. అప్పుడే వాడి ముఖం తేటపడింది.

బయోస్‌లో ఉన్నప్పుడే మూతను మెల్లగా ముందుకూ వెనక్కీ వంచి చూడండి. వంచిన కొద్దీ గీతలు వచ్చి పోతుంటే అది డ్రైవర్ కాదు. మూత కీలు లోపలి నుంచి వెళ్లే సన్నని డిస్‌ప్లే కేబుల్ నలిగి ఉండొచ్చు. రోజూ బ్యాగులో పెట్టుకుని కిక్కిరిసిన మెట్రోలో తిరిగే లాప్‌టాప్‌లకు ఈ అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

ఇంకో చిన్న పరీక్ష. విండోస్‌లో గీతలు కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపించుకోండి. ఫోన్‌లో చూసినా గీతలు అలాగే ఉంటే బొమ్మ తయారయ్యే చోటే తేడా ఉంది, ప్యానెల్ జోలికి వెళ్లక్కర్లేదు. స్క్రీన్‌షాట్ శుభ్రంగా ఉంటే మాత్రం ఏదీ ఖాయంగా చెప్పలేం. ప్యానెల్, కేబుల్, డ్రైవర్ మూడింటికీ అవకాశం ఉంటుంది. అప్పుడు బయోస్ పరీక్ష మాటే నమ్మండి.

రెపరెపలు ఒక్కటే ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. మిగతా స్క్రీన్‌తో పాటు అది కూడా రెపరెపలాడుతుంటే డ్రైవర్ సంగతి చూడాలి. అది నిలకడగా ఉండి వెనక ఉన్నవి మాత్రమే కదులుతుంటే ఏదో యాప్ వల్ల. మైక్రోసాఫ్ట్ చెప్పే పద్ధతి కూడా ఇదే.

చివరిగా తేదీలు. సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, 'అప్‌డేట్ హిస్టరీ'లో 'డ్రైవర్ అప్‌డేట్స్' అనే విభాగం తెరవండి. ఇంటెల్, ఏఎండీ లేదా ఎన్విడియా పేరు పక్కన 'డిస్‌ప్లే' అన్న మాట ఉన్న వరుస వెతకండి. ఆ తేదీ, మీకు సమస్య మొదలైన రోజు కలిశాయా? స్టార్ట్ మెనూలో 'రిలయబిలిటీ' అని ఇంగ్లిష్‌లో టైప్ చేస్తే వచ్చే 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' ఇంకా బాగుంటుంది. ఏ రోజు ఏది ఇన్‌స్టాల్ అయిందో, ఏ రోజు నుంచి లోపాలను చూపే ఎర్ర గుర్తులు మొదలయ్యాయో ఒకే వరుసలో కనిపిస్తాయి.

ఏమీ కనిపించకుండా నల్లబడిపోతే

కంగారుపడి పవర్ బటన్ నొక్కేయకండి. ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మూడూ పట్టుకుని బి నొక్కండి. డ్రైవర్ ఒక్కటే రీసెట్ అవుతుంది, తెరిచి ఉన్న పని పోదు. కొన్ని మెషీన్లలో బీప్ శబ్దం కూడా వస్తుంది. అయినా రాకపోతే విండోస్, పి కలిపి నొక్కి చూడండి. ఒక్కోసారి బొమ్మ అసలు లేని రెండో స్క్రీన్‌కు వెళ్లిపోయి ఉంటుంది.

ఇవేవీ పనిచేయకపోతే సేఫ్ మోడ్‌లోకి, అంటే విండోస్ అత్యవసరమైన వాటితో మాత్రమే నడిచే పద్ధతిలోకి వెళ్లాలి. లాగిన్ స్క్రీన్ కనిపిస్తుంటే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే చాలు. అది కూడా కనిపించకపోతే పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి ఆపండి. మళ్లీ ఆన్ చేసి, కంపెనీ లోగో వచ్చి విండోస్ మొదలవుతుండగా అలాగే ఆపండి. రెండు మూడుసార్లు ఇలా చేస్తే విండోస్ తనే రికవరీ స్క్రీన్ చూపిస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్', 'స్టార్టప్ సెట్టింగ్స్', రీస్టార్ట్ వరుసగా నొక్కి, వచ్చిన జాబితాలో 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే ఇంటర్నెట్‌తో కలిపి సేఫ్ మోడ్.

ఇక్కడ చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. నీలం రంగు స్క్రీన్ వచ్చి బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడగొచ్చు. 48 అంకెల నంబరు అది. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయి, డివైసెస్ విభాగంలో మీ లాప్‌టాప్ పేరు కింద చూస్తే చాలామందికి దొరుకుతుంది. ఇది చదువుతున్న మీ కంప్యూటర్ ఇప్పుడు బాగానే ఉంటే, ఆ నంబరును ఈరోజే కాగితం మీద రాసి పెట్టుకోండి. అలాగే సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అకౌంట్ పాస్‌వర్డ్ కూడా దగ్గర ఉంచుకోండి.

సేఫ్ మోడ్‌లో విండోస్ మీ గ్రాఫిక్స్ డ్రైవర్‌ను పక్కనపెట్టి తన సొంత మామూలు డ్రైవర్‌తో నడుస్తుంది. అక్షరాలు పెద్దవిగా, కొంచెం మొరటుగా కనిపిస్తాయి. భయపడక్కర్లేదు. కింద చెప్పిన పనిని ఇక్కడి నుంచే చేయవచ్చు.

డ్రైవర్‌ను పాత దానికి మార్చడం

1. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి 'డివైస్ మేనేజర్' తెరవండి.

2. 'డిస్‌ప్లే అడాప్టర్స్' పక్కనున్న బాణం నొక్కండి. గేమింగ్ లాప్‌టాప్‌లలో ఇక్కడ రెండు పేర్లుంటాయి, ప్రాసెసర్‌లోనే ఉండే ఇంటెల్ లేదా ఏఎండీ చిప్ ఒకటి, విడిగా ఉండే కార్డు ఒకటి. అప్‌డేట్ హిస్టరీలో కనిపించిన పేరునే తెరవండి.

3. దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి 'డ్రైవర్' ట్యాబ్‌కు వెళ్లండి. అక్కడున్న తేదీ, వెర్షన్ నంబరు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇది తప్పనిసరి. ఏ డ్రైవర్ చెడ్డదో తెలియకపోతే రేపు అదే మళ్లీ వచ్చినా గుర్తుపట్టలేరు. ఎన్విడియా కార్డు అయితే ఆ పొడుగు నంబరులో చివరి ఐదు అంకెలే అసలు వెర్షన్. 32.0.15.7260 అని ఉంటే అది 572.60 అన్నమాట.

4. 'రోల్ బ్యాక్ డ్రైవర్' నొక్కండి. కారణం అడుగుతుంది, ఏదో ఒకటి ఎంచుకుని 'యెస్' అనండి. స్క్రీన్ ఒకటి రెండుసార్లు నల్లబడుతుంది. అయ్యాక రీస్టార్ట్ చేయండి.

మా తమ్ముడి విషయంలో పని ఇంతటితో అయిపోయింది. రీస్టార్ట్ అయ్యాక అరగంట సేపు వీడియోలు, పీడీఎఫ్‌లు, కోడ్ ఎడిటర్ అన్నీ తెరిచి చూశాం. ఒక్క గీత కూడా రాలేదు.

'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్'లోకి వెళ్లి వెతికి, అక్కడ డ్రైవర్ పేరు కనిపించక నిరాశపడినవాళ్లను చూశాను. ఆ జాబితాలో విండోస్ అప్‌డేట్లు ఉంటాయి, డ్రైవర్లు ఉండవు. డ్రైవర్ కోసం డివైస్ మేనేజర్‌కే రావాలి.

రోల్ బ్యాక్ బటన్ బూడిద రంగులో ఉంటే

వెనక్కి వెళ్లడానికి ముందటి డ్రైవర్ ఏదో విండోస్ దగ్గర నమోదై లేదని అర్థం. అప్పుడు ఉన్నదాన్ని తీసేసి, మంచిదాన్ని మనమే పెట్టాలి. తీసేయడం కంటే ముందు పెట్టబోయేదాన్ని డౌన్‌లోడ్ చేసుకోండి.

ఎక్కడి నుంచి? లాప్‌టాప్ అయితే ముందు దాన్ని తయారుచేసిన కంపెనీ సపోర్ట్ పేజీకే వెళ్లండి. అడుగున ఉన్న స్టిక్కర్ మీద మోడల్ లేదా సీరియల్ నంబరు ఉంటుంది. అక్కడ దొరికే డ్రైవర్ కొంత పాతదే కావచ్చు, కానీ మీ మోడల్ కోసం సరిచూసి పెట్టింది. స్క్రీన్ ప్రశాంతంగా ఉండడం కావాలి గానీ అందరికంటే కొత్త నంబరుతో మనకు పనేముంది? డెస్క్‌టాప్‌లో విడిగా కొన్న కార్డు అయితే ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా సైట్లలోనే పాత వెర్షన్లు కూడా దొరుకుతాయి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో సరిచేస్తామని ప్రకటనలిచ్చే యాప్‌లను మాత్రం దయచేసి దగ్గరికి రానీయకండి. వాటిని నమ్మి ఇంకా పెద్ద చిక్కుల్లో పడినవాళ్లు నాకు తెలుసు.

ఫైల్ చేతిలోకి వచ్చాక వైఫై ఆపేయండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఆపకపోతే మనం తీసేసిన కాసేపటికే విండోస్ అదే చెడ్డ డ్రైవర్‌ను మళ్లీ తెచ్చి పెట్టేయొచ్చు. తర్వాత డివైస్ మేనేజర్‌లో ఆ అడాప్టర్ మీద రైట్ క్లిక్ చేసి 'అన్‌ఇన్‌స్టాల్ డివైస్' నొక్కండి. అప్పుడు వచ్చే చిన్న పెట్టెలో డ్రైవర్‌ను కూడా తొలగించమనే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టండి. రీస్టార్ట్ అయ్యాక పేరు 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని మారితే పని సరిగా జరిగినట్టు. పాత పేరే ఉండి వెర్షన్ మాత్రం వెనక్కి వెళ్తే, లోపల దాగిన ఇంకో పాత డ్రైవర్ బయటికి వచ్చిందన్నమాట. దానితో స్క్రీన్ బాగుంటే అక్కడితో ఆపేయవచ్చు. లేకపోతే డౌన్‌లోడ్ చేసిన ఫైల్‌ను నడపండి. ఎన్విడియాలో 'కస్టమ్' ఎంచుకుని 'క్లీన్ ఇన్‌స్టలేషన్' గడికి టిక్ పెడితే పాత సెట్టింగ్‌లు కూడా పోతాయి.

అయినా లొంగకపోతే 'డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్' అనే ఉచిత టూల్ ఉంది. గేమ్స్ ఆడేవాళ్లు డీడీయూ అంటారు. అది పాత డ్రైవర్ ఆనవాళ్లను మూలమూలల నుంచి తుడిచేస్తుంది. సేఫ్ మోడ్‌లో, ఇంటర్నెట్ లేకుండా, రిస్టోర్ పాయింట్ (తేడా వస్తే విండోస్‌ను ఇప్పటి స్థితికి తిరిగి తెచ్చుకునే గుర్తు) పెట్టుకున్నాకే వాడాలి. నేనైతే దీన్ని చివరికే ఉంచుతాను.

అదే డ్రైవర్ మళ్లీ రాకుండా

ముందుగా విండోస్ అప్‌డేట్ పేజీలో అప్‌డేట్లను పాజ్ చేయండి. 5 వారాల వరకు ఆపుకోవచ్చు. ఆలోపు సరిచేసిన డ్రైవర్ రావడానికి అవకాశం ఉంటుంది. ఎక్కువకాలం ఆపి ఉంచడం మంచిది కాదు, భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు కూడా వాటితోపాటే ఆగిపోతాయి.

స్టార్ట్ మెనూలో 'డివైస్ ఇన్‌స్టలేషన్ సెట్టింగ్స్' అని ఇంగ్లిష్‌లో వెతికి, అక్కడి ప్రశ్నకు 'నో' అని పెట్టడం ఇంకో మార్గం. తర్వాత కొత్త ప్రింటర్ కొని కలిపినప్పుడు దాని డ్రైవర్ రాకపోతే ఈ సంగతి గుర్తుచేసుకోండి. విండోస్ ప్రో వాడేవాళ్లకు గ్రూప్ పాలసీ అనే అదనపు సెట్టింగ్‌ల టూల్‌లో, అప్‌డేట్లతో పాటు డ్రైవర్లు రాకుండా ఆపే వీలు కూడా ఉంది.

'ఆప్షనల్ అప్‌డేట్స్' కింద కనిపించే డిస్‌ప్లే డ్రైవర్లకు టిక్ పెట్టకండి, ఏదైనా సమస్య ఉండి దాని కోసమే అయితే తప్ప. స్క్రీన్ బాగా ఉన్న రోజున, పరీక్షకో ఇంటర్వ్యూకో ముందురోజు, అసలే వద్దు.

డ్రైవర్ మార్చకుండానే కుదిరేవి

కొత్త డ్రైవర్ వచ్చాక కొన్ని సెట్టింగ్‌లు మారిపోతుంటాయి. రంగులు పాలిపోయినట్టు ఉంటే సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను పెంచి చూపే సెట్టింగ్) ఆన్ అయిందేమో చూడండి. అక్షరాలు మసకగా ఉంటే రిజల్యూషన్‌ను 'రికమెండెడ్' అని ఉన్నదానికి మార్చండి. 'అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే'లో రిఫ్రెష్ రేట్ (సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారాలన్న లెక్క) మారి ఉండొచ్చు, ముందున్న 60 హెర్ట్జ్‌కో 144కో మార్చి చూడండి. ఇంటెల్ గ్రాఫిక్స్ యాప్ ఉంటే, దానిలో పవర్ విభాగంలో పైన చెప్పిన 'ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్'ను ఆపితే కొందరికి రెపరెపలు అక్కడితోనే పోతాయి. బ్రౌజర్‌లో మాత్రమే నల్లటి గడులు వస్తుంటే, క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపండి.

షాపుకు వెళ్లక తప్పకపోతే

బయోస్‌లోనూ గీతలున్నాయా? మూత కదిపితే మారుతున్నాయా? అయితే రిపేరే. గేమ్ తెరిచినప్పుడు, లేదా బాగా వేడెక్కినప్పుడు మాత్రమే రంగురంగుల గడులు వస్తూ, డ్రైవర్ ఏది పెట్టినా తగ్గకపోతే గ్రాఫిక్స్ చిప్‌నే అనుమానించాలి. సేఫ్ మోడ్‌లో చిప్ మీద బరువు ఉండదు కాబట్టి అక్కడ అంతా బాగానే కనిపిస్తుంది, ఆ ఒక్కదాన్ని చూసి చిప్ మంచిదేనని అనుకోకండి.

వారంటీ ఉంటే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. లేకపోతే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది. ఒక్క షాపు మాట మీదే ఆగకుండా రెండు మూడు చోట్ల అడగండి. వెళ్లేముందు ఫైళ్లను కాపీ చేసుకోండి. బయోస్‌లో గీతలు కనిపిస్తున్న ఫొటో, మూత వంచినప్పుడు తీసిన వీడియో చూపించండి. కేబుల్ ఒక్కటే మార్చితే సరిపోతుందేమో ముందు అడగండి, ప్యానెల్ కంటే అది చాలా చవక.

ప్యానెల్ మార్చాల్సిందే అంటే పాతదాని వెనక ఉన్న మోడల్ నంబరు ఫొటో తీసుకుని, కొత్తది అదే సైజు, అదే రిజల్యూషన్, అదే 30 లేదా 40 పిన్ కనెక్టర్ ఉన్నదేనా అని సరిచూసుకోండి. బిగించాక డబ్బు ఇచ్చేముందు అక్కడే కూర్చుని స్క్రీన్ నిండా ఒకసారి తెల్లరంగు, ఒకసారి నల్లరంగు బొమ్మ పెట్టి చూడండి. వెలగని చుక్కలుంటే తెల్లరంగులో, ఆరని చుక్కలుంటే నల్లరంగులో బయటపడతాయి. మూతను పదిసార్లు తెరిచి మూసి, బయోస్‌లోకి కూడా ఒకసారి వెళ్లి వచ్చాకే డబ్బు ఇవ్వండి.